టముకు పడకముందే అడిగితే ఉమ్మడి ఇల్లు దక్కుతుంది

అన్నదమ్ములు విడిపడితే పొలానికి గట్టు వేస్తారు. తోటలో కొబ్బరి చెట్లు లెక్కపెట్టి వంతులు వేసుకుంటారు. ఇత్తడి బిందెలు, భోషాణాలు, పాడి గేదెలు కూడా ఎలాగో సర్దుబాటవుతాయి. మండువా ఇంటి దగ్గరికి వచ్చేసరికి మాత్రం పెద్దమనుషులకు నోట మాట రాదు. చుట్టూ వసారాలు, నాలుగు వాలుల నుంచి వాన నీళ్ళు వచ్చి పడే మండువా ఒక్కటే, వీధి గుమ్మం ఒక్కటే, నుయ్యి ఒక్కటే. దాన్ని నలుగురికి కోసి ఇస్తే ఎవరికీ ఇల్లు మిగలదు. ఒకరికి గోడ, ఒకరికి దూలం, ఒకరికి దారి లేని గది మిగులుతాయి.

కోనసీమ పల్లెల్లో ఇలాంటి ఇళ్ళు ఇప్పటికీ కనిపిస్తాయి. ఒక గదికి అన్నగారి తాళం, ఎదుటి గదికి తమ్ముడిగారి తాళం, సావిడికి ఇద్దరివీ రెండు తాళాలు. పెంకు జారితే "నేనొక్కణ్ణే ఎందుకు వేయించాలి" అని ఇద్దరూ వూరుకుంటారు. రెండు వానాకాలాలు గడిస్తే వాసాలు కుళ్ళుతాయి. మూడో వానాకాలానికి దావా పడుతుంది.

దావా అనగానే రెండు రకాల మాటలు వినిపిస్తాయి. "ఒక్క వాటాదారు అడ్డం తిరిగితే ఆ ఆస్తిని దేవుడు కూడా అమ్మలేడు" అనేది ఒకటి. "కోర్టు మెట్లెక్కితే చాలు, వేలం వేసి చేతిలో చిల్లర పెడతారు" అనేది రెండోది. రెండూ సగం సగం నిజాలే. మిగతా సగం తెలియకపోతే ఇల్లు పోయే ప్రమాదం వుంది. అంతకంటె విచిత్రమేమిటంటే, ఇల్లు అట్టేపెట్టుకోవాలని అనుకున్నవాడే కోపంలో పెట్టిన ఒక్క కాగితంతో దాన్ని చేజేతులా వదులుకోవలసి రావచ్చు.

చిన్న చట్టం, రెండు కట్లు

ఉమ్మడి ఆస్తిలో ఎంత చిన్న వాటా వున్నవారికైనా "నా భాగం నాకు విడదీసి ఇప్పించండి" అని దావా వేసే హక్కు వుంది. ఆస్తి విలువను బట్టి ఆ దావా జూనియర్ సివిల్ జడ్జి కోర్టులోనో, సీనియర్ సివిల్ జడ్జి కోర్టులోనో పడుతుంది. పెద్దవాళ్ళు వీటినే నేటికీ మునసబు కోర్టు, సబ్ కోర్టు అంటారు. దావా వేసినంత మాత్రాన వేలం రాదు. ఎవరెవరికి ఎంతెంత వాటా వుందో తేల్చి కోర్టు ముందు ప్రిలిమినరీ డిక్రీ ఇస్తుంది. తరువాత ఒక ప్లీడరును కమిషనరుగా వేస్తుంది. ఆయన కొలతలు వేయించి, ఫలానా భాగం ఫలానా వారికి అని ప్లాను గీసి రిపోర్టు పెడతాడు. ఒకరి భాగం విలువ ఎక్కువై మరొకరిది తక్కువైతే, ఎక్కువ వచ్చినవారి చేత తక్కువ వచ్చినవారికి కొంత సొమ్ము ఇప్పించి సరిపెట్టే ఏర్పాటు కూడా సివిల్ ప్రొసీజర్ కోడులోనే వుంది. పొలాలు, ఖాళీ స్థలాలు, విడివిడిగా వున్న ఇళ్ళు చాలావరకు ఇక్కడే తేలిపోతాయి. దారి, నుయ్యి, కల్లం ఉమ్మడిగా వుంచి తక్కినది పంచడమూ వుంది.

చిక్కల్లా ఒకే కప్పు కింద వున్న ఇల్లు, రైసుమిల్లు, బజారులో ఇరుకు కొట్టు లాంటి వాటితోనే. ఆరు అడుగుల వెడల్పు కొట్టును ముగ్గురికి పంచితే ఒక్కొక్కరికి రెండడుగులు. అందులో తక్కెడ పెడితే మనిషి వీధిలో నిలబడాలి. నవ్వులాటగా కనిపించినా 1893కు ముందు కోర్టుల ఇబ్బంది సరిగ్గా ఇదే. పంచమని అడిగితే పంచవలసిందే తప్ప, అమ్మి సొమ్ము పంచే అధికారం వాటికి స్పష్టంగా లేదు. ఇంగ్లండులో 1868లో కోర్టులకు ఆ అధికారం ఇస్తూ చట్టం చేశారు. పాతికేళ్ళ తరువాత, 1893లో, మన దేశానికి పార్టిషన్ చట్టం వచ్చింది. పేజీల లెక్కన చాలా చిన్న చట్టం. ఈనాటికీ అమలులో వుంది.

ఈ దేశంలో జనానికి తమ భూమి మీద, ఇంటి మీద మమకారం ఎక్కువని ఆ చట్టం చేసినవారు గమనించారు. అందుచేత అమ్మకం తేలికగా జరగకుండా రెండు కట్లు వేశారు.

మొదటిది సగం వాటా. ఆస్తి స్వభావాన్ని బట్టో, వాటాదారుల సంఖ్యను బట్టో, మరే ప్రత్యేక కారణం చేతనో పంచడం సబబుగా వీలుపడదని, అమ్మి సొమ్ము పంచితేనే అందరికీ మేలని కోర్టుకు తోచాలి. అంతటితో సరిపోదు. అమ్మమని అడిగేవారి వాటాలన్నీ కలిపి మొత్తంలో సగమైనా వుండాలి. సగానికి పిసరంత తగ్గినా ఈ చట్టం కింద అమ్మకం అడగడానికి లేదు. సగం వున్నవారు అడిగినా కోర్టు ఇచ్చి తీరాలని లేదు. "ఇవ్వవచ్చు" అనే వుంది.

రెండో కట్టు ఇంకా గట్టిది. దాని సంగతే పల్లెల్లో తక్కువగా వినిపిస్తుంది.

ధర కట్టేది అడిగినవాడి వాటాకే

ఒక లెక్క వేసి చూద్దాం. తల్లీ తండ్రీ పోయారు. నలుగురు పిల్లలకు నాలుగు సమ భాగాలు. పెద్దవాడు ఆ ఇంట్లోనే కాపురం వుంటున్నాడు. రెండోవాడికి హైదరాబాదులో వుద్యోగం. మూడోవాడు కాలం చేస్తే అతని భాగం భార్యకు, మైనరు కొడుక్కు వచ్చింది. ఆడపడుచు కాకినాడలో అత్తవారింట వుంది. ఇల్లూ స్థలమూ కలిపి 60 లక్షలు చేస్తుందనుకుందాం. ఒక్కొక్క భాగం 15 లక్షలు.

హైదరాబాదు తమ్ముడు "అన్నయ్యా, ఆ ఇల్లు నేనేం చేసుకోను, నా డబ్బు నాకిచ్చెయ్" అన్నాడు. పావు వాటాతో అతనొక్కడూ అమ్మకం అడగలేడు. చెల్లెలు కూడా కలిస్తే ఇద్దరిదీ సగమవుతుంది. అప్పుడు అడగవచ్చు. ఇల్లు పంచడం వీలుకాదని కమిషనరు రాశాడు. వీళ్ళిద్దరూ వేలం వేయించమని పిటిషను పెట్టారు. పెద్దవాడు ఆ కాగితం చూసి "అయిపోయింది" అని నెత్తిన చేతులు పెట్టుకుని ఇంటికి వస్తే నిజంగానే అయిపోతుంది. కాని చట్టం సరిగ్గా అక్కడే అతనికి తలుపు తీసి పెట్టింది. వేలం అడిగినవారి వాటాలను విలువ కట్టిస్తే తాను కొనుక్కుంటానని అతను దరఖాస్తు పెట్టవచ్చు. పెడితే కోర్టు వాటికి విలువ కట్టించి, ఆ ధరకు అతనికి ఇవ్వజూపి తీరవలసిందే. ఇక్కడ "ఇవ్వవచ్చు" లేదు. 30 లక్షలు కట్టుకుంటే తమ్ముడి వాటా, చెల్లెలి వాటా అతనివవుతాయి. బయటివాడు పాటకు వచ్చే ప్రసక్తే వుండదు. మూడోవాడి భార్య "మేమూ కలుస్తాం బావగారూ" అంటే ఆ భారం ఇద్దరూ పంచుకోవచ్చు. కలవకుండా ఎవరికి వారు విడిగా అడిగితే, కట్టిన విలువ మీద ఎవరు ఎక్కువ ఇస్తామంటే వారికే ఇస్తారు.

అడిగి, విలువ కట్టించి, ఆ పైన "అంత ధర నావల్ల కాదు" అంటే మాత్రం ఆ దరఖాస్తు ఖర్చులన్నీ అడిగినవాడే భరించాలి. సొమ్ముకు దారి చూసుకునే కాగితం పెట్టడం మంచిది.

అసలు మెలిక ఇంకొకటి వుంది. కోర్టు ధర కట్టేది వేలం అడిగినవాడి వాటాకే, వద్దన్నవాడి వాటాకు కాదు. లెక్క మార్చి ఇద్దరే అన్నదమ్ములనుకోండి, చెరి సగం. ఇంట్లో వుంటున్నది అన్న. తమ్ముణ్ణి బెదిరిద్దామని "పంపకం లేదు, గింపకం లేదు, మొత్తం వేలం పెట్టేయండి, ఎవడు కొంటాడో చూస్తాను" అని తనే పిటిషను పెట్టాడు. పంతాలు పెరిగిన చోట ఇలాంటి మాటలు మామూలే. తమ్ముడు నోరెత్తకుండా వచ్చి "అన్నగారి సగం నేను కొంటాను" అని దరఖాస్తు పెట్టాడు. తాను అమ్మకానికి పెట్టింది తన కాపురాన్నేనని అన్నకు అప్పుడు గాని తెలియదు. "మాట మార్చుకున్నాను, దావా వెనక్కి తీసుకుంటాను" అంటే ఇక కుదరదు. అవతలివారు కొంటామని దరఖాస్తు పెట్టాక వారికి హక్కు ఏర్పడినట్టేనని, వేలం అడిగినవారు దావా వుపసంహరించుకుని ఆ హక్కును పోగొట్టలేరని సుప్రీంకోర్టు 1972లోనే తేల్చింది. అందుకే ప్లీడరుగారు సంతకం పెట్టమన్న కాగితంలో "వేలం" అనే మాట వుంటే, అది ఎందుకు రాశారో అడిగి తెలుసుకున్నాకే సంతకం పెట్టాలి.

విలువ ఎలా కట్టించాలన్నది కోర్టు ఇష్టం. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో వుండే మార్కెట్ విలువ వేరు, వూళ్ళో నడిచే ధర వేరు అన్నది అందరికీ తెలిసిందే. కమిషనరు వేసిన ధర తక్కువనో ఎక్కువనో అనిపిస్తే ఇంట్లో కూర్చుని తిట్టుకుంటే లాభం లేదు. చుట్టుపక్కల ఈ మధ్య జరిగిన అమ్మకాల దస్తావేజు నకళ్ళు తీసి, అభ్యంతరం రాతపూర్వకంగా పెట్టాలి.

వాటాదారుల్లో మైనరు వున్నచోట ఇంకో జాగ్రత్త కావాలి. కోర్టు అనుమతి లేకుండా మైనరు తరఫున చేసుకున్న రాజీని తరువాత రద్దు చేయించవచ్చు. తల్లి ఒప్పుకుంది కదా అని సొమ్ము ఇచ్చేసి నిశ్చింతగా వుండడానికి లేదు.

వేలమే వస్తే

కొనడానికి ఎవరూ ముందుకు రాకపోతే వేలం తప్పదు. అప్పుడు కూడా వాటాదారుకు దారులు మూసుకుపోవు. కోర్టు ముందుగా కనీస ధర నిర్ణయిస్తుంది. అంతకు తక్కువకు పాట ఖాయం కాదు. అమీను వచ్చి ప్రకటన అతికిస్తాడు. వూళ్ళో టముకు వేయిస్తారు. పాటలో వాటాదారులూ పాల్గొనవచ్చు. బయటివాడైతే పాట ఖాయం కాగానే నాలుగో వంతు ధరావతు కట్టాలి, మిగతాది పదిహేను రోజుల్లో చెల్లించాలి. వాటాదారుకైతే ధరావతు లేకుండా పాడుకోవడానికి, తన వాటా సొమ్మును పాట సొమ్ములో మినహాయించుకోవడానికి కోర్టు అనుమతి ఇవ్వవచ్చు. మన మొదటి లెక్కలో పెద్దవాడు 60 లక్షలకు పాడితే తన 15 లక్షలు పోను 45 లక్షలు కడితే చాలన్నమాట. బయటివాడూ వాటాదారూ సరిగ్గా ఒకే మొత్తానికి పాడితే అది వాటాదారు పాట కిందే లెక్క. మినహాయింపు అనుమతి మాత్రం ముందుగానే అడిగి వుంచుకోవాలి. పాట రోజున పరుగెత్తుకుని వెళ్ళి అడిగితే పని జరగదు.

ఇక సగం వాటా లేనివారి మాట. పావు వాటా వున్న ఆడపడుచుతో ఎవరూ కలవలేదు. ఇల్లు పంచడానికి లేదు. ఆమె అన్నగారి దయ మీద ఆధారపడవలసిందేనా? అక్కర్లేదు. ఇల్లు ఒకరికి కేటాయించి మిగతావారి భాగాలకు సొమ్ము ఇప్పించడం, వాటాదారుల మధ్య మాత్రమే పాట పెట్టించడం లాంటివి కోర్టులు చేస్తూనే వున్నాయి. ఆమె దావా వేసి ఆ మాట అడగాలి.

పరాయివాడు సావిట్లోకి వస్తే

కొన్ని ఇళ్ళలో తగాదా ఇంకో మలుపు తిరుగుతుంది. తమ్ముడు కోపంతో తన వాటాను పరాయివాడికి రిజిస్టరు చేసేస్తాడు. కొన్నవాడు నులకమంచం, నలుగురు మనుషులను వెంటబెట్టుకుని "సావిట్లో నాకూ భాగం వుంది" అంటూ దిగుతాడు. చాలామంది ఇక్కడే బెదిరిపోయి వచ్చిన ధరకు తమ భాగం కూడా అతనికే ఇచ్చేస్తారు. అతను కోరుకునేదీ అదే.

బెదరవలసిన పని లేదు. విడిపోని కుటుంబం వుంటున్న ఇంట్లో వాటా కొన్న పరాయివాడికి ఆ కుటుంబంతో కలిసి ఇంట్లో వుండే హక్కు లేదని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 44వ సెక్షను చెబుతున్నది. అతను చేయగలిగింది పంపకం దావా వేయడమే. వేస్తే, కుటుంబంలోని ఏ వాటాదారైనా అతని వాటాను కోర్టు కట్టిన విలువకు కొనుక్కుంటామని అడగవచ్చు. 1893 చట్టంలో 4వ సెక్షను ఇందుకోసమే పెట్టారు. దీనికి సగం వాటా షరతు లేదు. అన్నదమ్ములు వేరు వేరుగా వండుకుంటున్నా సరే, ఇల్లు కొలిచి పంచుకోనంతవరకు ఆ ఇంటి మట్టుకు వారు విడిపోని కుటుంబమే. ఇది హిందువులకు మాత్రమే పరిమితం కాదు. ముస్లిం, క్రైస్తవ కుటుంబాలకూ వర్తిస్తుంది.

హిందూ వారసత్వ చట్టంలో 22వ సెక్షను కూడా తెలిసి వుండదగ్గది. వీలునామా లేకుండా పోయినవారి ఆస్తి భార్యా పిల్లల వంటి మొదటి తరగతి వారసులకు వచ్చినప్పుడు, వారిలో ఒకరు తన వాటా అమ్మదలిస్తే మిగతా వారసులకు దాన్ని ముందుగా కొనుక్కునే హక్కు వుంది. వ్యవసాయ భూములకూ ఇది వర్తిస్తుందని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఆడపడుచు సంతకం

ఈ "సగం" లెక్క ఒకప్పుడు అన్నదమ్ముల మధ్య నడిచేది. ఇప్పుడలా కాదు. ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా వుండగా ఆంధ్రప్రదేశ్‌లో తెచ్చిన సవరణ వల్ల, 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్ళికాని కూతుళ్ళకు ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు వచ్చింది. 2005 సెప్టెంబరు 9 నుంచి పెళ్ళి అయినా కాకపోయినా దేశమంతటా హిందూ కుటుంబాల కూతుళ్ళకు ఆ హక్కు ఇచ్చారు. ఆ తేదీ నాటికి తండ్రి బతికి వుండాలన్న నియమం లేదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరు దస్తావేజు ద్వారానో, కోర్టు డిక్రీ ద్వారానో జరిగిన పంపకాలను మాత్రం కదపడానికి లేదు. నోటి మాట మీద పంచుకున్నామంటే కోర్టులు అంత తేలికగా నమ్మవు.

2005 దాకా మరో అడ్డు వుండేది. మగ వారసులు తమంత తాము పంచుకుంటే తప్ప, వారు కాపురం వుండే ఇంటిని పంచమని ఆడ వారసులు అడగడానికి లేదు. దాన్నీ తీసేశారు. కాబట్టి ఇద్దరు అన్నదమ్ములు, ఇద్దరు అక్కచెల్లెళ్ళు వున్న ఇంట్లో ఆడపడుచులిద్దరూ ఒక మాట మీద నిలబడితే సగం వాటా వాళ్ళదే, వేలం అడిగే బలమూ వాళ్ళదే. పసుపు కుంకుమల కింద చీర పెట్టి, తెల్లకాగితం మీద "ఇక్కడ ఒక సంతకం పెట్టమ్మా" అంటే హక్కు పోదు. ఇల్లు, భూమిలో హక్కు వదులుకోవాలంటే దస్తావేజు రిజిస్టరు కావలసిందే. చెల్లెలికి ఏమీ ఇవ్వకుండా ఇల్లు బాగు చేయించి లక్షలు పోసిన అన్నగారికి ఇది కష్టంగానే తోస్తుంది. అయినా లెక్క లెక్కే.

డిక్రీ వచ్చాక

ప్రిలిమినరీ డిక్రీ చేతికి రాగానే గెలిచామనుకుని ఇంటికి వెళ్ళి పడుకునేవారున్నారు. అది సగం దారి మాత్రమే. వాటాలు తేలాయి కాని ఆస్తి చేతికి రాలేదు. ఫైనల్ డిక్రీ కోసం మళ్ళీ కదలాలి. దీనికి కాలదోషం పట్టదని 2009లో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే. కాని పిటిషను వేయకుండా కూర్చుంటే ఈలోగా వాటాదారులు పోయి వారి పిల్లలు వస్తారు, నాలుగు భాగాలు పదహారవుతాయి. ఈ జాప్యం చూసే, ప్రిలిమినరీ డిక్రీ తరువాత ఎవరూ అడగకపోయినా కోర్టులే తమంత తాము తదుపరి చర్యలకు వాయిదా వేయాలని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించింది. పంపకం ఫైనల్ డిక్రీని స్టాంపు కాగితం మీద ఎక్కించాలి. ఆ ఖర్చు దగ్గర వాటాదారులు ఒకరి మొహం ఒకరు చూసుకుంటే అమలు అక్కడే ఆగిపోతుంది.

దావా ఏ దశలో వున్నా రాజీకి లోక్ అదాలత్‌కు వెళ్ళవచ్చు. అక్కడ కుదిరిన రాజీ కోర్టు డిక్రీతో సమానం. దాని మీద అప్పీలు లేదు. కట్టిన కోర్టు ఫీజు వాపసు వస్తుంది. ఆడవారికి, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా ప్లీడరును ఇస్తారు. కోర్టుల ఆవరణలో వుండే న్యాయ సేవా కమిటీలో దరఖాస్తు ఇస్తే చాలు. వేలంలోనైతే మిగతా సొమ్ముకు పదిహేను రోజులే గడువు. రాజీలో వాయిదాలు పెట్టుకోవచ్చు, కొబ్బరి దింపులు, వరి కోతలు చూసుకుని తేదీలు రాసుకోవచ్చు. కాకపోతే ధర ఒక్కటీ రాసి వూరుకుంటే పేచీ మళ్ళీ మొదటికి వస్తుంది. సొమ్ము ఏ తేదీకి ఎంత, తప్పితే ఏమిటి, నుయ్యి నీళ్ళు ఎవరు తోడుకోవచ్చు, సావిడి తాళం చెవులు రెండూ ఏ రోజున ఎవరి చేతికి ఇవ్వాలి అన్నవి కూడా ఆ కాగితంలోనే ఎక్కించుకోవాలి.